వెనక చక్రం మీద సీటు

పదకొండో వారం

పోయిన వారం మిసావోను ఒక చిన్న పాపం చేస్తుండగా వదిలేశాం. చిన్నదంటే చిన్నదే, దానికి ఎవరూ జైల్లో వెయ్యరు. ఒసాకా నుంచి సానిన్ తీరం వెంబడి నాలుగు రోజుల యాత్రకు ఒక బస్సెడు జనాన్ని వెంటబెట్టుకుని బయల్దేరిన టూర్ కండక్టర్ ఆమె. వయసు యాభై ఒకటి. ఇరవై మూడేళ్ళుగా ఇదే పని. అదే బస్సులో, తొమ్మిదేళ్ళ కిందట తన నుంచి విడాకులు తీసుకున్న తెరుహికో తేలాడు. ఒక్కడే తేలితే సరిపెట్టుకునేదేమో. పక్కన చిగుసా అనే రెండో భార్య కూడా తేలింది.

మొదటి రోజంతా మిసావో పళ్ళ బిగువున భరించింది. తొత్తోరి ఇసుక తిన్నెల దగ్గర అతను వంగి ఆవిడ బూట్లలో ఇసుక దులపడం చూసింది, ఊరుకుంది. ఆ సాయంత్రం మాత్సుయె సరస్సు పక్క సత్రంలో పీతల భోజనం. నవంబరు పీత ముందుంటే ఎంత వాగుడుకాయ అయినా నోరు మూసుకుంటాడు, గది నిండా కాళ్ళు విరిచే చప్పుడు తప్ప ఇంకోటి వినపడదు. ఆ నిశ్శబ్దంలో తెరుహికో పీత కాళ్ళు ఒలిచి, లోపలి తెల్లటి కండ తీసి చిగుసా పళ్ళెంలో పెట్టాడు. ఒకటి కాదు, మూడు. మిసావో నిలబడి లెక్కపెట్టింది. పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు ఒక్క కాలు కూడా ఒలిచి పెట్టలేదు ఆ మహానుభావుడు.

మర్నాడు పొద్దున సీట్ల కాగితం రాయడానికి కూర్చుంది. ఇలాంటి యాత్రల్లో సీట్లు రోజూ మారతాయి. ఎవరికీ అన్యాయం జరగకుండా వెనకవాళ్ళు ముందుకి, ముందువాళ్ళు వెనక్కి. లెక్క ప్రకారం ఆ రోజు హొజుమి దంపతులకు, అంటే తెరుహికో చిగుసాలకు, మూడో వరస రావాలి. మిసావో తొమ్మిదో వరస రాసింది. సరిగ్గా వెనక చక్రం మీద ఉండే సీటు అది, రోడ్డు మీద గులకరాయి ఉన్నా పొట్టలో తెలుస్తుంది. రాసి, ఎవరికీ అనుమానం రాకుండా కాగితం మూలన మేపుల్ ఆకు బొమ్మ కూడా వేసింది.

ఎందుకు రాసిందో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. ఆ పదకొండేళ్ళలో మిసావో తీసుకెళ్ళే యాత్రకు తెరుహికో ఒక్కసారంటే ఒక్కసారి రాలేదు. "ఈసారైనా రా. పక్కన కూర్చోలేకపోయినా ఒకే బస్సులో ఉంటాం కదా" అని ఆమె బతిమాలినప్పుడల్లా ఒకటే మాట. "బస్సెక్కితే నాకు తల తిరుగుతుంది మిసావో." చివరికి, ఏడాదిలో రెండు వందల రోజులు ఇంట్లో లేని భార్య నాకొద్దు అన్నాడు. అలాంటివాడు ఇప్పుడు ఇంకొకత్తెను వెంటేసుకుని నాలుగు రోజుల బస్సు యాత్రకు వచ్చాడు. తల తిరగడం లేదు కాబోలు. తిరుగుతుందో లేదో చూద్దాం అనుకుంది మిసావో.

*

బస్సు మాత్సుయె దాటి సరస్సు ఒడ్డున పోతోంది. మిసావో మైకు పట్టుకుని నీళ్ళలో పడవల గురించి, ఆల్చిప్పలు తోడే పొడుగు కర్రల బుట్టల గురించి చెబుతోంది. నోరు దాని పని అది చేసుకుపోతుంటే కళ్ళు మాత్రం డ్రైవర్ నెత్తిమీది పెద్ద అద్దంలో తొమ్మిదో వరస మీద ఉన్నాయి.

చిగుసా నారింజ ఒలుస్తోంది. నలభై మూడేళ్ళ మనిషి, పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. పళ్ళ డాక్టర్ దగ్గర చీట్లు రాసే ఉద్యోగమని నిన్న పక్కవాళ్ళతో చెబుతుంటే మిసావో విన్నది. ఆమెలో వంక పెట్టడానికి నిన్నటి నుంచీ వెతుకుతోంది, చీలమండలు లావుగా ఉండటం తప్ప ఏమీ దొరకలేదు. అవి కూడా మేజోళ్ళలో ముద్దుగానే ఉన్నాయి, అదొక మంట.

"అమ్మాయ్, మిసావో" అంది మొదటి వరసలోంచి సెత్సు మామ్మ. ఎనభై ఒక్కేళ్ళు. సకాయ్‌లో కత్తుల కొట్టు కోడలికి అప్పగించి ఏడాదికి మూడు యాత్రలు తిరుగుతుంది. మిసావోతో ఇది పద్నాలుగోది. "నిన్న ఏడో వరసలో ఉన్నవాళ్ళు ఇవాళ మూడుకి రావాలి కదుటే? తొమ్మిదికి పోయారేంటి?"

"సర్దుబాటులో కుదర్లేదు మామ్మగారూ."

"ఎవరి సర్దుబాటు? బస్సుదా, నీదా?"

"అటు చూడండి, సరస్సు ఎంత బావుందో."

"సరస్సుకేం, నేను పెళ్ళికాని రోజుల్నుంచీ అలాగే ఉంది. నీ మొహమే ఇవాళ ఇంకోలా ఉంది. పొద్దున ఏం తిన్నావు?"

"మీరు తిన్నదే."

"నాకు అరిగిందే" అంది మామ్మ, అద్దంలోకి ఒకసారి, వెనక్కి ఒకసారి చూసి. ఆపైన సంచీలోంచి బియ్యం బిస్కెట్ తీసి కొరుక్కుంటూ కూర్చుంది. ఆ కొరకడంలో కూడా వెటకారం ఉన్నట్టు తోచింది మిసావోకి.

హినోమిసాకి దీపస్తంభం వైపు రోడ్డు మళ్ళింది. ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం, నడుమ రోడ్డు వంకరలు తిరుగుతుంది. డ్రైవర్ కొమొదా తెల్ల చేతితొడుగులు సర్దుకుని వేగం తగ్గించాడు. మామూలుగా అయితే ఈ మలుపుల ముందు మిసావో వెనక వరసల దాకా నడిచి, ఎవరికైనా ఇబ్బందిగా ఉందేమో అడిగి వస్తుంది. ఇవాళ లేవలేదు.

నాలుగో మలుపు దగ్గర అద్దంలో చిగుసా లేచి నిలబడటం కనిపించింది. సీట్ల అంచులు పట్టుకుంటూ తూలుకుంటూ ముందుకొచ్చింది.

"కజితాని గారూ, మా ఆయనకి అదోలా ఉంది. ఒకసారి వస్తారా?"

విడాకుల తరవాత మిసావో పుట్టింటి పేరుకి తిరిగొచ్చింది, కాబట్టి కజితాని. పదకొండేళ్ళు తనను హొజుమి గారూ అని పిలిచింది లోకమంతా. ఇప్పుడు ఆ పేరుతో ఈవిణ్ణి తనే రోజుకు పదిసార్లు పిలవాల్సి వస్తోంది, అదీ నవ్వుతూ. ఇక ఆ 'మా ఆయన' అన్న మాట కడుపులో ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"వస్తున్నాను హొజుమి గారూ" అని కవర్లు, తడి తువ్వాలు, నీళ్ళ సీసా తీసుకుని వెనక్కి నడిచింది.

తెరుహికో మొహం బూడిద రంగులో ఉంది. నుదురంతా చెమట. కిటికీకి తల ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా పెదాలు బిగబట్టుకుని ఉన్నాడు. మిసావోకి మొదట కలిగింది జాలి కాదు. బాగా అయింది అనిపించింది. ఆ అనిపించడం ఒక్క క్షణమే ఉంది కానీ, ఉంది.

"దూరంగా కనిపించే సముద్రం గీత మీద చూపు నిలపండి, కళ్ళు మూసుకోకండి" అంది, ముప్ఫై ఏళ్ళ కుర్రాడికైనా ఎనభై ఏళ్ళ తాతకైనా చెప్పే గొంతుతోనే. "బెల్టు వదులు చెయ్యండి. చొక్కా కింద గుండీలు రెండు విప్పండి."

"వద్దు" అన్నాడు తెరుహికో చప్పున.

"గాలాడాలి, హొజుమి గారూ."

"వద్దన్నానుగా. బావుంది నాకు."

"బావుండటం ఇదా?" అంది చిగుసా. ఇంకో మాటకు అవకాశం ఇవ్వకుండా అతని చేతులు పక్కకి నెట్టి గుండీలు విప్పేసింది.

బొడ్డు మీద చతురస్రంగా పెద్ద ప్లాస్టర్ అంటించి ఉంది. ప్లాస్టర్ అంచుల్లోంచి ఎర్రటి రసం కారి బనీనుకి మరక అయింది. ఉప్పులో ఊరేసిన ఉమె పండు పులుపు వాసన ఆ చుట్టుపక్కల రెండు వరసలకీ తెలిసింది. ఎనిమిదో వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గులోకి మార్చేశారు.

"ఇదేంటి?" అంది చిగుసా.

"ఉమెబొషి."

"అది తెలుస్తోంది. బొడ్డు మీద ఎందుకుంది?"

అతను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. మిసావోకి తెలుసు ఆ జవాబు. తెరుహికో తల్లి బతికున్నప్పుడు చెప్పేది. చిన్నప్పుడు వాణ్ణి ఏ బండెక్కించాలన్నా బొడ్డు మీద ఉమెబొషి అంటించాల్సిందే, లేకపోతే రెండో స్టాపుకే కక్కేవాడు అని. అత్తగారి ముచ్చట్లలో అదొకటి అనుకుని అప్పట్లో నవ్వి ఊరుకుంది. కొడుకు మీద ప్రేమకొద్దీ తల్లులు ఏవో చెబుతుంటారు కదా.

"బండి పడదా మీకు?" చిగుసా గొంతు తగ్గింది. "బస్సు యాత్రలంటే ప్రాణం అన్నారు కదా. ఇది ఏడోది కదా మనకి."

"అలవాటు లేని సీటు" అన్నాడతను, కవరు అందుకుంటూ. ఆ తరవాత మాట్లాడే స్థితిలో లేడు.

మిసావో అతని వీపు మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చోట అప్పటికే ఇంకో చెయ్యి ఉండటం చూసి వెనక్కి తీసుకుంది. తన సీటు దగ్గరికి తిరిగొచ్చి మైకు పట్టుకుంది. చెప్పాల్సిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

తల తిరుగుతుంది అన్నది అబద్ధం కాదన్నమాట. పదకొండేళ్ళూ నిజమే చెప్పాడు. దాన్ని సాకు అనుకుని తను ఎన్ని మాటలంది. నిజం తెలిసినందుకు మనసు తేలిక పడాలి, పడలేదు. పడకపోగా ఇంకా మండింది. బస్సు పడకే రాలేదు అనుకుంటే అదొక సంగతి. పడని బస్సును కూడా ఆవిడ కోసం ఏడుసార్లు ఎక్కాడు, పొట్ట మీద పచ్చడి పండు కట్టుకుని మరీ ఎక్కాడు. తన కోసం ఒక్కసారి ఎక్కలేకపోయాడు. పీత కాళ్ళు మూడు అని లెక్కపెట్టినందుకు నవ్వొచ్చింది ఆమెకి, ఇప్పుడు దీన్ని ఏ లెక్కలో వెయ్యాలి?

*

ఇజుమో గుడి దగ్గర తెరుహికో దిగలేదు. వెనక సీట్లో పడుకుని ఉంటానన్నాడు. కొమొదా కూడా బస్సులోనే ఉంటాడు కాబట్టి పర్వాలేదు, మీరు వెళ్ళి రండి అన్నాడు చిగుసాతో. ఆమె దిగింది.

ముందు భోజనం. గుండ్రటి ఎర్ర గిన్నెలు మూడు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కోదాంట్లో నల్లటి సోబా నూడిల్స్ పెట్టి ఇచ్చారు. అందరూ జుర్రుకుంటూ తింటుంటే చిగుసా మొదటి గిన్నె దగ్గరే ఆగిపోయింది. ఆమె ఎదురుగా సెత్సు మామ్మ కూర్చుంది.

"తినమ్మా. ఆయన కక్కితే నువ్వు తినకూడదని ఎక్కడుంది?"

"ఆకలి లేదు మామ్మగారూ."

"అయితే ఆ రెండూ ఇటు పంపు. ఆహారాన్ని చిన్నబుచ్చకూడదు" అంటూ మామ్మ గిన్నెలు తన ముందుకి లాక్కుంది. మిసావో అటు చూడనట్టు నటిస్తూ గుడి దారి పటాలు సర్దుకుంది.

ఇజుమో అంటే మనిషికి మనిషిని ముడివేసే దేవుడుండే చోటు. పెళ్ళి కావలసినవాళ్ళు, అయినవాళ్ళు, అయి తెగినవాళ్ళు, అందరూ వస్తారు. మిసావో ఏడాదికి ఎనిమిదిసార్లు వస్తుంది, ఉద్యోగం కాబట్టి. తన కోసం ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడగదల్చుకోలేదు కూడా.

"గుర్తుంది కదా అందరికీ" అంది పెద్ద గడ్డి తాడు కింద జనాన్ని పోగుచేసి. "మిగతా గుళ్ళలో చప్పట్లు రెండు. ఇక్కడ నాలుగు. రెండుసార్లు వంగి, నాలుగు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి. రెండు మీకు, రెండు మీ జోడీకి అని మా ముందు తరం కండక్టర్లు సరదాగా చెప్పేవారు."

అందరూ వంగారు. చప్పట్లు మోగాయి. చిగుసా పక్కనే నిలబడి ఉంది మిసావో, చూడకూడదనుకుంటూనే చూసింది. చిగుసా రెండు చప్పట్లు కొట్టింది. అక్కడితో ఆపి, చేతులు కిందకి దించేసింది. మర్చిపోయింది కాదు. చుట్టూ జనం మూడోది, నాలుగోది కొడుతుంటే ఆ చేతులు అలాగే కోటు పక్కన వేలాడాయి.

గంట సేపు ఎవరి ఇష్టం వాళ్ళు తిరగొచ్చు, రెండూ ఇరవైకి బస్సు కదులుతుంది అని చెప్పి మిసావో అందరినీ వదిలింది. పైన్ చెట్ల దారి దాకా వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది.

"కజితాని గారూ. రెండు నిమిషాలు."

"చెప్పండి హొజుమి గారూ."

"ఆ పేరుతో పిలవకండి. మీకూ బాగుండదు, నాకూ బాగుండదు."

మిసావో నిలబడిపోయింది. నిన్నటి నుంచీ ఎవరికీ తెలియదనుకుంటోంది. తెరుహికో చెప్పాడనుకోవడానికి లేదు. అతను నిన్న బస్సెక్కుతూ తనను చూసి తడబడ్డాడు, తలవంచాడు, అంతే. తనూ కొత్తవాళ్ళకు చేసినట్టే నమస్కారం చేసింది.

"ఆయన చెప్పారా?"

"ఆయన నోట్లోంచి మీ పేరు ఎప్పుడూ రాలేదు. నేను కనుక్కున్నాను. పెళ్ళయ్యాక ఇల్లు సర్దుతుంటే పాత కాగితాల్లో మీ పుట్టింటి పేరు కనిపించింది. అంతే తెలుసు నాకు. ఒక్క ఫోటో లేదు ఇంట్లో. ఉంటే బావుండేది. ముక్కు బాగాలేదనో, పళ్ళు ఎత్తనో చూసి తృప్తి పడేదాన్ని. మొహం తెలియని మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు."

"నా మీదా? మీకా?" మిసావోకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "మీకేం తక్కువైందని? బూట్లలో ఇసుక దులిపించుకున్నారు, పీత ఒలిపించుకున్నారు. నేను చూడలేదనుకున్నారా?"

"మీరు చూస్తున్నారనే ఒలిచారు" అంది చిగుసా. "మా ఇంట్లో పీత నేను ఒలుచుకుని నేను తింటాను. నిన్న ఒక్కో కాలు నా పళ్ళెంలో పెట్టి, తలెత్తి మీరు ఎక్కడున్నారో చూశారు. మూడుసార్లూ చూశారు. మీరు కాళ్ళు చూశారు, నేను కళ్ళు చూశాను."

దారిలో ఎవరో అమ్మాయిలు నలుగురు కేకలేస్తూ ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్ళు దాటిపోయేదాకా ఇద్దరూ పక్కకి జరిగి నిలబడ్డారు.

"నాలుగేళ్ళలో ఏడు యాత్రలు" అంది చిగుసా. "షికోకు, నోతో, క్యూషూ. ఎప్పుడూ మీ కంపెనీయే. ఇంకోదాంట్లో చవగ్గా ఉందంటే వినరు. యాత్రకు రెండు రోజుల ముందు మీ కండక్టర్లు ఇంటికి ఫోన్ చేసి పరిచయం చేసుకుంటారు కదా. ఆ ఫోన్ మోగగానే నేను అందుకోబోయేలోపు ఆయన పరుగెత్తుకెళ్ళి ఎత్తేవారు. టీవీలో ఆట చూస్తున్నా సరే, అన్నం మధ్యలో ఉన్నా సరే. అవతలి మనిషి పేరు విని, 'ఓహో, అలాగే, ధన్యవాదాలు' అని పెట్టేసేవారు. అప్పుడు మొహం ఎలా అయిపోయేదో చెప్పలేను. మర్నాడు మందులు కొనుక్కునేవారు. ఒంట్లో బాగాలేదేమో అనుకునేదాన్ని. ఇవాళ ఆ ప్లాస్టర్ చూశాకే అవి దేనికో తెలిసింది."

కాపురం రోజుల్లో ఆ ఫోన్లు మిసావో వంటగదిలో కూర్చుని చేసేది. ఎదురుగా తెరుహికో చేపల ముళ్ళు తీసుకుంటూ వినేవాడు. 'మీతో వస్తున్న కజితానిని' అని అనకుండా అప్పుడు 'హొజుమిని' అనేది. కండక్టరు ముందే ఫోన్ చేసి పేరు చెబుతుందన్న సంగతి అతనికి తప్ప ఇంకెవరికి తెలుసు?

"ఈసారి ఫోన్ వచ్చినప్పుడు ఆయన స్నానానికి వెళ్ళారు" అంది చిగుసా. "నేనే ఎత్తాను. 'కజితానిని మాట్లాడుతున్నాను, నాలుగు రోజులు మీ వెంట ఉంటాను' అన్నారు మీరు."

"హొజుమి అనే ఇంటిపేరు చాలామందికి ఉంటుంది. నాకు తెలియలేదు."

"నాకు తెలిసింది. పేరు విన్నాక గోడ పట్టుకుని నిలబడ్డాను. టికెట్లు రద్దు చెయ్యొచ్చు. జలుబని చెప్పొచ్చు. చెయ్యలేదు. ఎవరు ఫోన్ చేశారని బయటికొచ్చి అడిగితే, పేరు సరిగా వినపడలేదు అన్నాను. నాలుగేళ్ళుగా వెతుకుతున్నారు కదా, దొరికితే ఎలా ఉంటారో చూద్దామనుకున్నాను. చూశాను."

దాచిపెట్టడం దేనికి, ఆ నిమిషంలో మిసావోకి కడుపులో పాలు పోసినట్టయింది. ఎదురుగా ఒక ఆడది బొంగురుపోయిన గొంతుతో మాట్లాడుతుంటే, తను లోపల పండగ చేసుకుంటోంది. పడని బస్సు ఏడుసార్లు ఎక్కింది నా కోసం. ఆ పండు పొట్ట మీద కట్టుకుంది నా కోసం. సిగ్గుపడాలని తెలుసు. సిగ్గు రాలేదు.

చిగుసా ఆ మొహం చదివేసింది.

"సంతోషించండి. నేనైనా సంతోషించేదాన్ని. పొద్దున ఆ చక్రం మీది సీటు మీరు కావాలనే రాశారని కూడా తెలుసు. మామ్మగారు లెక్క చెప్పారు. కోపం రాలేదు నాకు. ఇంకా మీకు అంత మంట ఉందంటే, నేను ఎక్కడ నిలబడ్డానో నాకు అర్థమైంది."

"క్షమించండి" అంది మిసావో. వృత్తిలో రోజుకు వందసార్లు అనే మాట, అందుకే బరువు లేకుండా వచ్చింది.

"క్షమాపణ వద్దు. ఒకటి చెబుతాను, వినండి." చిగుసా చేతిసంచీ భుజానికి ఎత్తుకుంది. "రెండూ ఇరవైకి నేను బస్సెక్కను. పార్కింగ్ అవతల టాక్సీలు ఆగే చోట నిలబడి ఉంటాను. బస్సులోంచి స్పష్టంగా కనిపిస్తాను. మీరు పిలిస్తే వస్తాను. ఆయన పిలిచినా వస్తాను. ఎవరో ఒకరు పిలవాలి. ఎవరూ పిలవకపోతే స్టేషన్‌కి పోయి రైలెక్కుతాను, ఇంటికి వెళ్ళి నా సామాను సర్దుకుంటాను."

"అలా చెయ్యకూడదు. నా బాధ్యత..."

"అందుకే మీకు చెప్పాను" అని తలవంచి నమస్కరించి, లావు చీలమండలతో తడబడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

*

రెండూ పదిహేనుకి జనం ఎక్కుతున్నారు. చేతుల్లో కొన్న పిండివంటల సంచులు. మిసావో తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ వంగి స్వాగతం చెబుతోంది. సెత్సు మామ్మ మెట్టు మీద ఆగి, "ఇంకా ఎవరైనా రావాలా?" అంది.

"మీరు కూర్చోండి మామ్మగారూ."

"అడిగిందానికి చెప్పవుగా" అని గొణుక్కుంటూ మామ్మ లోపలికి పోయింది. ఐదు గిన్నెల సోబా తిన్న మనిషి, సీట్లో కూర్చుంటూనే కునుకు తీసింది.

మిసావో నడవలోంచి వెనక దాకా నడిచింది. రెండేసి చొప్పున వేళ్ళతో లెక్కపెడుతూ వెళ్ళింది. చాలామంది అప్పుడే కళ్ళు మూసుకున్నారు. తొమ్మిదో వరసలో తెరుహికో కిటికీకి ఆనుకుని ఉన్నాడు, కళ్ళు మూసే ఉన్నాయి, పక్క సీటు ఖాళీ. లెక్క ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. ఒకరు తక్కువ.

ఇరవై మూడేళ్ళలో మిసావో ఒక్క మనిషిని వదిలి బస్సు కదిలించలేదు. ఒకసారి షికోకులోని కొచ్చిలో మూత్రశాలలో నిద్రపోయిన తాత కోసం గంటన్నర ఆపింది. ఇంకోసారి పొగమంచులో తప్పిపోయిన అమ్మమ్మల కోసం కొండెక్కింది. ఆ కబుర్లు కంపెనీలో కొత్త కండక్టర్లకు ఇప్పటికీ చెబుతారు.

కిటికీలోంచి చూసింది. టాక్సీల వరస పక్కన బూడిద రంగు కోటులో చిగుసా నిలబడి ఉంది. ఇటే చూస్తోంది. చెయ్యెత్తితే చాలు. తలుపులోంచి ఒక్క కేక వేస్తే చాలు.

"కజితాని గారూ" అన్నాడు కొమొదా, గడియారం చూసి. "అందరూ వచ్చినట్టేనా?"

నాలుగు రోజుల్లో ఇంకా రెండున్నర రోజులు మిగిలి ఉన్నాయి. పక్క సీటు ఖాళీగా ఉన్న బస్సులో తెరుహికో. పదకొండేళ్ళు బతిమాలినా దొరకనిది. పిలవకపోతే చాలు, చెయ్యాల్సింది ఏమీ లేదు.

"ముప్ఫై రెండు" అంది మిసావో. "అందరూ ఉన్నారు. వెళ్దాం."

తలుపు మూసుకుంది. కొమొదా ఎప్పట్లాగే రెండోసారి అడగలేదు, ఆమె లెక్క అంటే లెక్కే అతనికి. బస్సు మెల్లగా వెనక్కి జరిగి, తిరిగి, టాక్సీల వరస ముందు నుంచి బయటి రోడ్డు వైపు సాగింది.

అప్పుడు మిసావో అద్దంలోకి చూసింది. తెరుహికో కళ్ళు తెరిచాడు. పక్క సీటు చూశాడు. సీటు మీద చిగుసా వదిలిన మెడ గుడ్డ ఉంది, దాన్ని చూశాడు. తరవాత కిటికీలోంచి బయటికి చూశాడు. పది అడుగుల దూరంలో, గాజుకు అవతల, చిగుసా నిలబడి ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి, అందులో సందేహం లేదు. ఆమె చెయ్యెత్తలేదు. అతను అరిచి బస్సు ఆపమంటాడనుకుంది మిసావో. ఆపమంటే గుండె పగిలేది. అయినా ఆ మాట కోసమే చెవులు రిక్కించింది.

తెరుహికో చెయ్యెత్తి కిటికీ తెర లాగేశాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అంత తేలిగ్గా. ఒక్క చేత్తో. తొమ్మిదేళ్ళ కిందట తను పెట్టె పట్టుకుని గుమ్మం దిగిన రోజు, ఇంట్లో ఏ కిటికీ దగ్గరా ఎవరూ ఎందుకు కనిపించలేదో ఇన్నాళ్ళూ మిసావోకి అంతుపట్టలేదు. ఇప్పుడు పట్టింది.

బస్సు పెద్ద రోడ్డెక్కింది. ఆమె చేతిలో మైకు ఉంది. తరవాతి మజిలీ గురించి చెప్పాల్సిన సమయం. ముందు వరసలో సెత్సు మామ్మ కునుకు చాలించి, ఎప్పటి నుంచి చూస్తోందో ఏమో, ఆమె వైపే చూస్తోంది.

"కొమొదా గారూ" అంది మిసావో.